ముగిసిన ప్రాసెస్‌కే లెక్క: ఉమ్మడి సర్వర్‌లో రోజువారీ వాడకం చిట్టా, ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌ది. ఊరు, పేరు చెప్పను. ల్యాబుల వివరాలు, మెషిన్ సైజు కూడా గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను. లెక్కలో వచ్చిన చిక్కులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. పదులకొద్దీ మంది ఒకే లైనక్స్ మెషిన్‌లో లాగిన్ అయ్యే చోట "ఎవరెంత వాడారు" అన్న ప్రశ్నకు రోజూ జవాబు చెప్పాల్సి వచ్చిన వాళ్లకు ఇది పనికొస్తుంది.

నేపథ్యం

మూడు రీసెర్చ్ ల్యాబులు తలా కొంత గ్రాంటు వేసుకుని ఒక పెద్ద సర్వర్ కొన్నాయి. 32 కోర్లు ఉన్నాయి, హైపర్‌థ్రెడింగ్ వల్ల లైనక్స్‌కి 64 సీపీయూలుగా కనిపిస్తాయి. హోమ్ డైరెక్టరీలన్నీ మామూలు హార్డ్ డిస్కుల రెయిడ్ (కొన్ని డిస్కులను ఒకటిగా కలిపిన ఏర్పాటు) మీద ఉన్నాయి. ఓ ఎస్‌ఎస్‌డీ కూడా ఉంది గానీ దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

సిమ్యులేషన్ ల్యాబ్ వాళ్లు ఒక జాబ్ వేస్తే వారం, పది రోజులు నడుస్తుంది. జీనోమ్ ల్యాబ్‌వి పైప్‌లైన్ స్క్రిప్టులు, ఒక్కో రన్‌కి వేలకొద్దీ చిన్న ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) పుట్టి పోతుంటాయి. భాషా ల్యాబ్ పని తెలుగు టెక్స్ట్ కార్పస్ మీద, లక్షల చిన్న ఫైళ్లతో. వీళ్లు కాక ఎంటెక్ పిల్లలు ప్రాక్టికల్స్‌కి వస్తారు. ఒకే మెషిన్ మీద ఇన్ని రకాల వాడకం ఉండడమే తర్వాత వచ్చిన గొడవలన్నిటికీ మూలం.

జాబులను క్యూలో పెట్టి వంతుల వారీగా నడిపే స్లర్మ్ లాంటి షెడ్యూలర్ పెడదామని ముందే అడిగాను. ఒప్పుకోలేదు. నోట్‌బుక్ తెరిచి అక్కడికక్కడే రన్ చేసుకోవాలి, క్యూలో నిలబడలేం అన్నారు. షెడ్యూలర్ ఉంటే వాడకం లెక్క దానితోపాటే వచ్చేది, ఈ కేసు రాయాల్సిన పనే ఉండేది కాదు.

వచ్చిన సమస్య

సర్వర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ వచ్చింది. మూడు ల్యాబులూ సమానంగా కట్టాలా, వాడకాన్ని బట్టి కట్టాలా అన్న చర్చ మొదలైంది. దానికి తోడు కొన్ని నెలలుగా సర్వర్ స్లో అయిపోతోందని కంప్లయింట్లు. టైప్ చేసిన అక్షరం స్క్రీన్ మీదికి రావడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది. అందరి వేలూ జీనోమ్ ల్యాబ్ వైపే చూపిస్తున్నాయి, ఎందుకంటే నడుస్తున్న ప్రాసెస్‌లను చూపించే టాప్ కమాండ్ ఎవరు తెరిచినా వాళ్ల ప్రాసెస్‌లే పైకీ కిందకీ పరుగులు పెడుతూ కనిపిస్తాయి.

మీటింగ్‌లో ఆ ల్యాబ్ మేడమ్ నన్నే సూటిగా అడిగారు: "మా పిల్లలే మొత్తం తినేస్తున్నారని మీరు కాగితం మీద చూపించగలరా? చూపిస్తే కడతాం."

హెచ్‌ఓడీ సార్ నా వైపు తిరిగి, "రోజూ పొద్దున్నే ఒక్క పేజీ నా టేబుల్ మీద ఉండాలి, ఎవరెంత వాడారో. ఆ తర్వాతే డబ్బుల సంగతి" అన్నారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎవరు ఎక్కువ వాడుతున్నారన్నది ఒకటి, ఎవరి వల్ల మిగతావాళ్లు ఆగాల్సి వస్తోందన్నది ఇంకొకటి. మీటింగ్‌లో అందరూ ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడారు. నేను అప్పటికి మొదటిదాన్నే పట్టుకున్నాను, డబ్బు ముడిపడింది దానికే కాబట్టి.

ముందు నుంచీ ఉన్న పద్ధతులు

అంతకుముందున్న అడ్మిన్ ఒక స్క్రిప్టు పెట్టి వెళ్లారు. క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) ప్రతి ఐదు నిమిషాలకూ, ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్ రన్ చేసి, సీపీయూ శాతం ఎక్కువున్న పది ప్రాసెస్‌లను ఒక ఫైల్‌లో రాస్తుంది. దీంతో ఇబ్బంది రెండు వైపుల నుంచీ ఉంది. ఐదు నిమిషాల మధ్యలో పుట్టి పోయేవి దీని కంటికే ఆనవు. ఇక పీఎస్ చూపించే శాతం ఆ క్షణానిది కాదు, ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా సగటు. పొద్దున్నంతా ఖాళీగా ఉండి ఇప్పుడే విరుచుకుపడిన ప్రాసెస్ అందులో అమాయకంగా కనిపిస్తుంది.

రెండోది ఏసీ కమాండ్. లాగిన్ అయి ఎంతసేపు ఉన్నారో గంటల్లో చెబుతుంది. ఒకప్పుడు టెర్మినళ్ల కాలంలో దీనికి విలువ ఉండేది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో విండో తెరిచి ఇంటికెళ్లిపోయిన స్కాలర్‌కి పదహారు గంటలు పడతాయి. డిస్‌కనెక్ట్ అయినా జాబ్ ఆగకుండా ఉంచే టీమక్స్‌లో వదిలి వెళ్లినవాళ్లకు పావుగంట. దీన్ని ఆలోచించకుండానే పక్కన పెట్టేశాను.

ప్రాసెస్ అకౌంటింగ్ ఆన్ చేశాక

మిగిలింది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) స్వయంగా రాసే చిట్టా. ఇది కొత్తదేమీ కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే చిట్టాను ఆన్ చేసే ఆక్ట్‌ఆన్, దాని మొత్తాలు కట్టే ఎస్‌ఏ కమాండ్లు ఉన్నాయి. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ దాని మీద పెద్ద వ్యవస్థే కట్టింది: గంటకోసారి చిట్టా సైజు చూసే సీకే-పీఆక్ట్, రాత్రి పూట రోజు లెక్క కట్టే రన్‌ఆక్ట్, నెలకోసారి మొత్తం వేసే మోన్‌ఆక్ట్. సోలారిస్ మెషిన్ల మీద నేను పని నేర్చుకున్నది ఈ స్క్రిప్టులతోనే. లైనక్స్‌లో పీఎస్‌ఆక్ట్ ప్యాకేజీ వేసుకుంటే ఆక్ట్‌ఆన్, లాస్ట్‌కామ్, ఎస్‌ఏ వస్తాయి గానీ, రన్‌ఆక్ట్ లాంటి రాత్రి పని మనమే రాసుకోవాలి.

చిట్టా తీరు సులువే. ప్రతి ప్రాసెస్‌కి 64 బైట్ల రికార్డు ఒకటి పడుతుంది. అందులో యూజర్ ఐడీ, ప్రాసెస్ ఐడీ, మొదలైన సమయం, యూజర్ మోడ్‌లో (ప్రోగ్రామ్ సొంత పనికి) వాడిన సీపీయూ, సిస్టమ్ మోడ్‌లో (దాని కోసం కెర్నల్ చేసిన పనికి) వాడిన సీపీయూ, కమాండ్ పేరు ఉంటాయి. పది లక్షల ప్రాసెస్‌లు నడిచినా 64 మెగాబైట్లే. మెషిన్‌కి భారం కాదు.

ఆన్ చేసి, రోజూ రాత్రి ఎస్‌ఏ కమాండ్‌తో యూజర్ల వారీ మొత్తం తీసి పంపడం మొదలుపెట్టాం. మొదటి వారం కాగితం అందరూ అనుకున్నదే చెప్పింది: జీనోమ్ ల్యాబ్ అన్నిటికన్నా పైన, సిమ్యులేషన్ ల్యాబ్ దాదాపు సున్నా. సిమ్యులేషన్ ల్యాబ్ సార్ ఆ కాగితాన్ని జెరాక్స్ తీయించి పెట్టుకున్నారు కూడా.

తర్వాత ఒక రోజు రిపోర్టులో అదే ల్యాబ్ స్కాలర్ ఒకరి పేరు మీద 5,18,000 సీపీయూ నిమిషాలు పడ్డాయి. ఒక్క రోజులోనే. ఈ మెషిన్‌లో ఉన్నవి 64 సీపీయూలు, రోజుకు 1,440 నిమిషాలు. అన్నీ క్షణం ఖాళీ లేకుండా తిరిగినా ఒక రోజుకు వచ్చేది 92,160 నిమిషాలు. అంతకన్నా అయిదింతలకు పైగా ఒక మనిషే వాడినట్టు కాగితం చెబుతోంది.

విషయం ఏమిటంటే, కెర్నల్ ఆ రికార్డు రాసేది ప్రాసెస్ ముగిసినప్పుడే. నడుస్తున్నంతకాలం చిట్టాలో దాని ఊసే ఉండదు. ఆ స్కాలర్ జాబ్ 40 థ్రెడ్లతో, అంటే ఒకేసారి 40 సీపీయూల మీద, 9 రోజులు నడిచింది. 40ని 1,440తో, దాన్ని 9తో గుణించి చూడండి, 5,18,400. ఆ ఎనిమిది రోజులూ సున్నా అని రాసి, తొమ్మిదో రోజు మొత్తం ఒకేసారి పోశాం. జీనోమ్ ల్యాబ్ ప్రాసెస్‌లు నిమిషాల్లో ముగుస్తాయి కాబట్టి వాళ్ల లెక్క ఏ రోజుకా రోజు పడింది. ఒకే చిట్టా ఒక ల్యాబ్‌ని నిజాయితీగా, ఇంకో ల్యాబ్‌ని దాచిపెట్టి చూపించింది.

పైగా ఆ వారంలోనే యూపీఎస్ బ్యాటరీ మొరాయించి మెషిన్ ఉన్నపళంగా ఆగిపోయింది. అప్పటికి నడుస్తున్న జాబులకు రికార్డే పడలేదు. రోజుల తరబడి వాడిన సీపీయూ ఎవరి ఖాతాలోకీ రాకుండా గాలిలో కలిసిపోయింది.

టాలీ అవుతుందా అని అడగడం

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. నెలకోసారి లెక్క చూస్తే సరిపోతుంది కదా, పెద్ద జాబులు అప్పటికి ముగుస్తాయి అని హెచ్‌ఓడీ సార్ సలహా. నాకు నచ్చలేదు. నెలాఖరున నడుస్తున్న జాబ్‌కీ ఇదే సమస్య. పైగా కరెంటు పోయిన రోజు నష్టం అలాగే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రిపోర్టు తప్పు అని నాకు తెలిసింది ఆ అంకె మెషిన్ సామర్థ్యాన్ని దాటింది కాబట్టే. అదే జాబ్ నాలుగు థ్రెడ్లతో నడిచి ఉంటే రోజు లెక్క 92,160 లోపే ఉండేది, ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

కాబట్టి ముందు కావలసింది కొత్త కొలత కాదు, సరిచూసుకునే ఏర్పాటు. కిరాణా కొట్టులో రాత్రి షట్టర్ వేసేముందు బిల్లుల మొత్తాన్నీ గల్లాపెట్టెలో డబ్బునూ సరిచూస్తారు కదా, అలాంటిది. మనకు గల్లాపెట్టె ప్రాక్‌లో (కెర్నల్ తన లెక్కలు చూపించే డైరెక్టరీ) ఉన్న స్టాట్ ఫైల్. బూట్ అయినప్పటి నుంచి మొత్తం సీపీయూ సమయం యూజర్, నైస్ (ప్రాధాన్యం తగ్గించి నడిపినవి), సిస్టమ్, ఐడిల్ (ఖాళీ), ఐఓ వెయిట్ (డిస్క్ కోసం ఆగింది), ఇంటరప్ట్‌ల (హార్డ్‌వేర్ పిలుపులకు పోయింది) వారీగా అందులో ఉంటుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తీస్తే ఒక రోజులో మెషిన్ ఎంత పని చేసిందో తేలుతుంది. యూజర్ల మొత్తం దానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఎంత తేడా ఉందో రిపోర్టులోనే "లెక్కకు రానిది" అని ఒక లైన్ పెట్టాను. ఆ లైన్ ఓ మోస్తరు దాటితే ఆ రోజు కాగితం మీద "తాత్కాలికం" అని ముద్ర పడుతుంది, డబ్బుల లెక్కలోకి తీసుకోరు.

ఇంటరప్ట్ సమయాన్ని మాత్రం విడిగా చూపించాను. అది ప్రాసెస్ ఖాతాలోకి వెళ్తుందా లేదా అన్నది కెర్నల్‌ని ఏ ఆప్షన్లతో బిల్డ్ చేశారన్న దాన్ని బట్టి మారుతుంది. దాన్ని యూజర్ల మీద పంచే ప్రయత్నం చేస్తే అనవసరపు వాదనలు.

మొదటి రోజు ఆ లైన్ చూసి హెచ్‌ఓడీ సార్ ముఖం చిట్లించారు. "లెక్కకు రానిదే ఇంతుంటే ఇక లెక్కేముంది?" అన్నారు. ఆ లైన్ లేకపోతే ఉన్న లెక్కను ఎందుకు నమ్మాలో చెప్పమని నేనడిగాను. తర్వాత ఆయనే పొద్దున్న ముందు చూసేది ఆ లైన్ అయింది.

బతికున్న ప్రాసెస్‌ల స్నాప్‌షాట్

ఇక నడుస్తున్న ప్రాసెస్‌ల సంగతి. ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్‌కీ స్టాట్ ఫైల్ ఉంటుంది. ఇప్పటిదాకా వాడిన యూజర్, సిస్టమ్ సమయం థ్రెడ్లన్నీ కలిపి అందులో దొరుకుతుంది. అర్ధరాత్రి నడుస్తున్నవాటన్నిటినీ ఫొటో తీసినట్టు రాసుకుంటే, ఆ రోజు వాటా వస్తుంది. ప్రాసెస్ తర్వాత ముగిసినప్పుడు చిట్టాలో పడిన మొత్తంలోంచి, అంతకుముందు రోజుల్లో ఇప్పటికే వేసింది తీసేస్తే చివరి రోజు వాటా.

వినడానికి ఇంతే. చేసేటప్పుడు తగిలిన రాళ్లు చెబుతాను, ఎవరికైనా సమయం మిగలొచ్చు.

ఒకే ప్రాసెస్ ఐడీ మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి గుర్తుకు ఐడీ ఒక్కటే చాలదు, మొదలైన సమయం కూడా కలపాలి. చిట్టాలో ఆ సమయం సెకన్లలో ఉంటుంది. ప్రాక్‌లో బూట్ నుంచి టిక్‌లలో (సెకనులో వందో వంతు) ఉంటుంది. గడియారం సర్దుబాటు అయినప్పుడు ఈ రెండూ ఒకటి రెండు సెకన్లు పక్కకు జరుగుతాయి. కచ్చితంగా సమానం అయితేనే ఒకటే అని రాస్తే, జోడీ కుదరక ఒకే జాబ్ రెండుసార్లు లెక్కపడుతుంది. అందుకే ఐడీ ఒకటై, సమయం రెండు సెకన్ల లోపు తేడా ఉంటే ఒకే ప్రాసెస్ అని తీసుకున్నాను.

ప్రాక్ స్టాట్‌లో పిల్ల ప్రాసెస్‌ల సమయం కూడా పక్కనే రెండు గడుల్లో ఉంటుంది. దాన్ని కలపకూడదు. పిల్లలకు వాటి రికార్డులు వాటికి పడతాయి.

ఫొటో ముందా, చిట్టా ఫైల్ మార్చడం ముందా అన్న దాని మీద కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. చిట్టా ముందు మార్చి తర్వాత ఫొటో తీస్తే, ఆ మధ్యలో ముగిసిన ప్రాసెస్ కొత్త చిట్టాలో పడుతుంది, ఫొటోలో ఉండదు. దాని పాత వాటా ఎంతో తెలియాలంటే రెండు రాత్రుల ముందు ఫొటో కూడా వెతకాలి. ఫొటో ముందు తీస్తే, మధ్యలో ముగిసినది ఫొటోలోనూ పాత చిట్టాలోనూ రెండు చోట్లా ఉంటుంది. రెండు చోట్ల ఉన్నదాన్ని గుర్తుపట్టి ఒకటి కొట్టేయడం తేలిక, ఎక్కడా లేనిదాన్ని వెతకడం కష్టం. అందుకే ఫొటో ముందు, ఆ తర్వాత చిట్టా మార్పిడి. రెండిట్లోనూ ఉంటే చిట్టాదే ఖాయం.

చిట్టా మార్చేటప్పుడు పేరు మార్చేసి ఊరుకుంటే కెర్నల్ పాత ఫైల్‌లోనే రాస్తూ పోతుంది, ఎందుకంటే దాని చేతిలో తెరిచి ఉన్నది ఆ ఫైలే. ఖాళీ ఫైల్ కొత్తది తయారుచేసి, ఆక్ట్‌ఆన్‌తో దానివైపు తిప్పాలి. లైనక్స్‌తోపాటే వచ్చే, లాగ్ ఫైళ్లను మార్చే లాగ్‌రొటేట్ దాని టైముకు అది తిప్పుతుంది. మన రోజు అర్ధరాత్రికి ముగియాలి కాబట్టి దాన్ని ఆపేశాను.

అప్పుడప్పుడూ ఒక విచిత్రం కనిపించేది: పెద్ద జాబ్ ముగిసిన రోజు వాటా మైనస్‌లో వచ్చేది. చిట్టాలో సీపీయూ సమయాన్ని 16 బిట్లలో కుదించి రాస్తారు, 13 బిట్లు అంకెకు, 3 బిట్లు ఎనిమిది ఘాతానికి. చిన్న ప్రాసెస్‌లకు ఇది పట్టింపు లేదు. అయిదు లక్షల నిమిషాల జాబ్‌కి మాత్రం అందులో ఒక్కో మెట్టు దాదాపు 350 నిమిషాలు. శాతంలో చూస్తే ఏమీ లేనట్టే, కానీ చివరి రోజు రెండు మూడు నిమిషాలు మాత్రమే నడిచిన జాబ్‌కి ఆ గుండ్రం చేయడమే వాటాను సున్నా కిందికి లాగుతుంది. చిట్టా మొత్తం ఆఖరి ఫొటో కన్నా తక్కువ వస్తే ఫొటోనే తీసుకోమని రూల్ పెట్టాను. రెండో వైపు చివరలో, ఒక టిక్ కూడా నడవని ప్రాసెస్‌లు చిట్టాలో సున్నా అని పడొచ్చు. జీనోమ్ ల్యాబ్ వాళ్ల చిన్న కమాండ్లలో చాలావాటికి సున్నాలే. దాన్ని సరిదిద్దబోలేదు. టాలీ లైన్‌లో అది ఎంతుందో కనబడుతూనే ఉంది.

కరెంటు పోవడానికి మందుగా ఫొటోను గంటకోసారికి మార్చాను. ఇప్పుడు మెషిన్ అకస్మాత్తుగా ఆగినా పోయేది గంట లోపు లెక్కే. బూట్ ఐడీ (బూట్ అయిన ప్రతిసారీ మారే గుర్తు) మారిందంటే, ఆఖరి ఫొటోలో ఉన్నవన్నీ అక్కడికి ముగిసినట్టు వేస్తుంది.

రన్‌ఆక్ట్ నుంచి నేను తెచ్చుకున్నది దాని క్రమశిక్షణ. అది పనిని దశలుగా విడగొట్టి, ఏ దశలో ఉందో స్టేట్‌ఫైల్‌లో రాసుకుంటుంది. ఆగిపోతే ఆ దశ నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఒకేసారి రెండు నడవకుండా లాక్ ఫైల్, ఒకే తేదీకి రెండుసార్లు నడవకుండా ఆఖరి తేదీ ఫైల్ ఉంటాయి. మా స్క్రిప్టు చిన్నదే అయినా ఈ మూడూ పెట్టాను. సోమవారం పొద్దున్న సగం పడిన రిపోర్టును చేత్తో సరిచేసిన వాళ్లకు వీటి విలువ తెలుసు.

టాలీ లైన్ పట్టిచ్చినవి

అంతా బాగుందనుకున్న తర్వాత ఒక రోజు లెక్కకు రానిది ఒక్కసారిగా పెరిగింది. కెర్నల్ లాగ్‌లో ఒక లైన్, ప్రాసెస్ అకౌంటింగ్ పాజ్ అయిందని. కొన్ని గంటల తర్వాత రెజ్యూమ్ అయిందని ఇంకొకటి. చిట్టా ఉన్న ఫైల్‌సిస్టమ్‌లో ఖాళీ 2 శాతం కన్నా తగ్గితే కెర్నల్ రాయడం ఆపేస్తుంది, 4 శాతానికి పెరిగితే మళ్లీ మొదలుపెడుతుంది, 30 సెకన్లకోసారి చూస్తుంది. ఇవి డిఫాల్ట్ విలువలు. చిట్టా ఉండే వార్ (/var) డైరెక్టరీలో ఎవరో డంప్ పడేసి పార్టిషన్ నింపేశారు. సిస్టమ్ ఫైవ్‌లో సీకే-పీఆక్ట్ చేసిన పనే ఇది, అక్కడైతే 500 బ్లాకుల కన్నా తగ్గితే ఆపేది. చిట్టాకు చిన్న పార్టిషన్ విడిగా ఇచ్చేశాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఇంకోటి కొంచెం చిక్కుది. టాలీ బాగానే ఉంది గానీ రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) పేరు మీద అంకె రోజురోజుకీ బలుస్తోంది. జీనోమ్ ల్యాబ్‌లో కొందరు డాకర్ వాడుతున్నారు, ప్రోగ్రామ్‌ను దాని సరంజామాతో సహా కంటెయినర్ అనే పెట్టెలో నడిపేది. ఆ కంటెయినర్లలోని ప్రాసెస్‌లు మెషిన్‌కి రూట్ ప్రాసెస్‌లుగా కనిపిస్తున్నాయి, చిట్టాలోనూ అదే పడుతోంది. ఏ కంటెయినర్ ఎవరిదో వెతికి అంటగట్టే స్క్రిప్టు రాయొచ్చు. కానీ డాకర్ గ్రూప్‌లో ఉన్నవాడు ఎలాగూ రూట్‌తో సమానం, సెక్యూరిటీ పరంగా అది అసలే నచ్చని సంగతి. అందుకని వాళ్లను ఆప్టెయినర్ అనే ఇంకో కంటెయినర్ టూల్‌కి మార్చాం, అందులో ప్రాసెస్ నడిపినవాళ్ల ఐడీ మీదే నడుస్తుంది. ఒకరిద్దరు రూట్‌లెస్ పాడ్‌మన్ (రూట్ హక్కు లేకుండా కంటెయినర్లు నడిపేది) అడిగారు, ఇచ్చాం. దానితో లక్ష పైన అంకెల యూజర్ ఐడీలు చిట్టాలో దర్శనమిచ్చాయి. సబ్‌యూఐడీ ఫైల్ చూసి ఏ రేంజ్ ఎవరిదో తిరిగి వాళ్ల పేరుకు కలిపాం.

అప్పుడు తేలింది: నెల మొత్తం మీద ఎక్కువ సీపీయూ వాడింది సిమ్యులేషన్ ల్యాబ్, చాలా తేడాతో. డాకర్ వాటా కలిపాక కూడా జీనోమ్ ల్యాబ్ రెండోదే. మేడమ్ ఏమీ అనలేదు, కాగితం తీసుకుని బ్యాగులో పెట్టుకున్నారు.

స్లో అన్న కంప్లయింట్

డబ్బు ప్రశ్నకు జవాబు దొరికింది. స్లో అన్నది అలాగే ఉంది. గంటల వారీ ఫొటోలు ఉన్నాయి కాబట్టి, కంప్లయింట్ వచ్చిన గంటలను వాటి పక్కన పెట్టి చూశాను. ఆ గంటల్లో సీపీయూ సగం కూడా నిండలేదు. సిమ్యులేషన్ జాబులు ఆదివారమంతా 40 సీపీయూలు తిన్నా ఎవరూ కంప్లయింట్ చేయలేదు.

అంటే ఆలస్యం సీపీయూది కాదు, డిస్క్ దగ్గర అయ్యుండాలి. ఐఓ (డిస్క్ చదవడం, రాయడం) ఎవరిదో చిట్టాలోనే చూద్దామంటే కుదరదు. రికార్డులో ఐఓకి గడి ఉంది, ఎస్‌ఏ దాన్ని అచ్చు కూడా వేస్తుంది, కానీ లైనక్స్ అందులో ఎప్పుడూ సున్నాయే రాస్తుంది. ఆ కాలమ్‌లో వరసగా సున్నాలు చూసి "డిస్క్ మీద భారం లేదు" అనుకున్న రిపోర్టులు నేను వేరే చోట చూశాను.

కాబట్టి ఇంకో దారి. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ప్రతి యూజర్‌కీ ఒక సీగ్రూప్ (ప్రాసెస్‌లను గుంపుగా లెక్కించే ఏర్పాటు) పెడుతుంది, ఐఓ అకౌంటింగ్ ఆన్ చేస్తే అందులో డిస్క్ చదివిన, రాసిన లెక్క ఉంటుంది. సీపీయూ కూడా ఉంటుంది. మరి మొదటి నుంచీ ఇదే వాడొచ్చుగా అని అడగొచ్చు. యూజర్ ఆఖరి సెషన్ ముగియగానే ఆ గ్రూప్ తీసేస్తారు, దానితో లెక్కా పోతుంది. రోజుకు పదిసార్లు లాగిన్ అయి బయటికెళ్లే ఎంటెక్ పిల్లల వాడకం గంట ఫొటోలకు సగమే దొరుకుతుంది. డబ్బు కట్టించే లెక్కకు అది పనికిరాదు, దొంగను పట్టుకోవడానికి చాలు. దానికి తోడుగా ప్రాక్‌లోని ప్రెషర్ ఫైళ్లు, డిస్క్ కోసం ప్రాసెస్‌లు ఎంతసేపు ఆగాయో చెప్పేవి. ఇవి కెర్నల్ 4.20 నుంచి ఉన్నాయి.

ప్రెషర్ పెరిగిన గంటలూ, భాషా ల్యాబ్‌లో ఒక స్క్రిప్టు నడిచే గంటలూ ఒకటే. సీపీయూ లెక్కలో ఆ స్కాలర్ ఎక్కడో అట్టడుగున ఉన్నారు. ఆ స్క్రిప్టు లక్షల చిన్న టెక్స్ట్ ఫైళ్లున్న డైరెక్టరీని ప్రతి రన్‌లోనూ మొదటి నుంచీ చదువుతోంది, ఒక్కో ఫైల్‌లో నాలుగైదు పేరాలు. తిరిగే డిస్కుల మీద అది తల అటూ ఇటూ పరుగెత్తే పని, అందరి హోమ్ డైరెక్టరీలూ ఆ డిస్కుల మీదే.

ఆ స్కాలర్‌ని కూర్చోబెట్టి చూపించాను. "అన్నా, నాది అసలు లోడే లేదు కదా, టాప్‌లో ఎప్పుడూ కనబడను" అన్నాడు. నిజమే, కనబడడు. కార్పస్ మొత్తాన్ని ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌లోకి మార్చి, ఎవరూ వాడని ఆ ఎస్‌ఎస్‌డీ మీదికి జరిపాం. అతని రన్ కూడా చాలా త్వరగా ముగుస్తోంది ఇప్పుడు. టైప్ చేసిన అక్షరం ఆలస్యం అన్న కంప్లయింట్ మళ్లీ రాలేదు.

ఎవరికి ఏం చూపించాలి

మొదట్లో రిపోర్టులో యూజర్ల పేర్లు ఉండేవి, నోటీస్ బోర్డు మీద కూడా పెట్టారు. ఒక స్కాలర్ వచ్చి గట్టిగానే అడిగింది, పేపర్ డెడ్‌లైన్ వారంలో నా పేరు గోడకెక్కించడం ఏమిటని. ఆమె అడిగింది న్యాయమే. ఇప్పుడు ఉమ్మడి కాగితం మీద ల్యాబుల మొత్తాలే ఉంటాయి. ఒక్కో మనిషి లెక్క ఆ మనిషికీ, గైడ్‌కీ వెళ్తుంది. చిట్టాలో కమాండ్ పేర్లు కూడా పడతాయి కాబట్టి, ఎవరు ఎప్పుడు ఏం నడిపారో లాస్ట్‌కామ్‌తో ఎవరైనా చూసేయొచ్చు. ఆ ఫైల్‌ను చదివే హక్కు అడ్మిన్‌కి మాత్రమే ఉంచి, లెక్క ఖాయమైన నెల తర్వాత ముడి చిట్టా చెరిపేస్తున్నాం. మొత్తాలు మాత్రం దాచుకుంటాం.

రేటు దగ్గర ఇంకో చర్చ. సిస్టమ్ ఫైవ్‌లో పని గంటలు, మిగతా గంటలు అని విడగొట్టేవారు, సెలవుల ఫైల్ ఒకటి ఏటా మార్చాలి, మార్చకపోతే రన్‌ఆక్ట్ గుర్తుచేస్తూ ఉండేది. మాకు పగలు పూర్తి రేటు, రాత్రి, ఆదివారం సగం అని పెట్టుకున్నాం. పండగ సెలవులు ఎందుకు కలపలేదంటే, సంక్రాంతికి కూడా ఈ ల్యాబుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. నైస్ పెట్టి నడిపిన జాబులకు తగ్గింపు ఇద్దామన్నారు కొందరు. చిట్టా రికార్డులో నైస్ విలువ ఉండదు, అందుకని ఆ ఆలోచన మానుకున్నాం.

రాత్రి రేటు పెట్టాక సిమ్యులేషన్ ల్యాబ్ వాళ్లు కొత్త జాబులు సాయంత్రం మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు. పది రోజులు నడిచే జాబ్‌కి దానివల్ల కలిసొచ్చేది పెద్దగా ఏమీ లేదు, ఎలాగూ పగలూ నడుస్తుంది. అయినా అలాగే చేస్తున్నారు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడాది ఏఎంసీ డబ్బు మూడు భాగాలుగా, ఈ కాగితాల ప్రకారమే కట్టారు. ఇప్పుడు భాషా ల్యాబ్ ఒక జీపీయూ కార్డు కొంటోంది. కార్డు మీద జరిగే పనికి ప్రాసెస్ చిట్టాలో చోటే లేదు. దాని లెక్క ఎలా కట్టాలో, అది ఏ మొత్తంతో టాలీ కావాలో కార్డు పెట్టకముందే తేల్చమని హెచ్‌ఓడీ సార్ రాతపూర్వకంగా అడిగారు.